రెండు జ్యేష్ఠాల టమాటాలు

మొన్న ఆదివారం తాడేపల్లిగూడెం నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. వెల్లుల్లి వాసనకే ముక్కు మూసుకునే మనిషి. బస్సు చేపల లారీ వెనకాల పడితే కిటికీలన్నీ మూయించి, ఇల్లు చేరగానే తలస్నానం చేసే మనిషి. అలాంటావిడ కుశలప్రశ్నలు కూడా పూర్తికాకుండానే, ఆకివీడులో చేపల పెట్టెలు ఏ పక్కన దొరుకుతాయని అడిగారు.

నేను ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి పేరు మళ్లీ చూసుకున్నాను. ఆవిడే. ఏలూరులో మేం అద్దెకున్న ఇంటి పిన్నిగారికి స్వయానా ఆడపడుచు. చేపల పెట్టె అనే మాట ఆవిడ నోటివెంట వచ్చిందంటే కొల్లేరులో నీళ్లు వెనక్కి నడిచాయన్నమాటే. ఎందుకో చెప్పారు, అది చివర్లో చెబుతాను. పిన్నిగారి సంగతి తెలియకుండా చెబితే మీకు అందులో వింత కనపడదు.

పిన్నిగారు పోయి ఏడాది కావస్తోంది. పవర్‌పేట స్టేషన్‌కి దగ్గర్లో వాళ్ల ఇల్లు. భర్త కిరాణా కొట్టు నడిపేవారట. నేను అద్దెకి దిగేనాటికే ఆయన లేరు, పిల్లలు లేరు, కొట్టు కూడా లేదు. మిగిలింది పిన్నిగారూ, కింద వాటా, పైన మేమున్న వాటా, దానిపైన డాబా. నేను ఆకివీడులో ఒక బ్యాంకులో క్లర్కుని. రోజూ కైకలూరు మీదుగా బస్సులో వెళ్లి వచ్చేవాణ్ని. క్లర్కునని ఎంత చెప్పినా పిన్నిగారు వినలేదు. ఆవిడ ఇంట్లో అద్దెకున్నవాడు మేనేజరు కాకపోతే ఆవిడకి చిన్నతనం. అందుకని నన్ను మేనేజరుగారూ అనే పిలిచేవారు. అసలు మేనేజరుగారు ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన్ని నా దగ్గర పనిచేసే కుర్రాడనుకుని మంచినీళ్లు కూడా నాకిచ్చాకే ఆయనకిచ్చారు.

ఆవిడ గొంతు పెంచగా నేను వినలేదు. తిట్టవలసిన ప్రతి తిట్టునీ అండీలో చుట్టి ఇచ్చేవారు. మా ఆవిడ ఒకసారి మోటారు కట్టడం మర్చిపోతే మెట్ల కింద నిలబడి, "ఏవండీ, ట్యాంకు నిండి వీధిలోకి కాలవ తీశారండీ, తమరికి వీలైనప్పుడు వచ్చి చూసుకోండి" అన్నారు. మేమిద్దరం పరిగెత్తుకుంటూ వెళ్లాం. ఎవరైనా కేకలేస్తే అంత పరిగెత్తేవాళ్లం కాదు.

ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఆవిడ అడిగింది ఒకే ప్రశ్న, మీరు తింటారాండీ అని. ఏం తింటారని అడగలేదు. నేను బయట ఎప్పుడైనా అన్నాను. అదీ నిజమే, కొన్నాళ్లపాటు. ఒక శనివారం ఆకివీడులో ఎవరో కొరమీను ఇస్తే ఐసు వేసిన థర్మాకోల్ పెట్టెలో పెట్టుకుని తెచ్చేశాను. చేప కడుపులోకి వెళ్లిపోయింది, పెట్టెని ఏం చేయాలో తెలియలేదు. డాబా మీద వాటర్ ట్యాంకు వెనకాల దాచాను. మర్నాడు పొద్దున్న పిన్నిగారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. మా ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. నేను సామాన్లు ఎక్కడ సర్దుకోవాలా అని ఆలోచిస్తున్నాను. పిన్నిగారు పెట్టెని అటూ ఇటూ తిప్పారు, గోడని వేలితో నొక్కారు, చేత్తో బరువు చూశారు.

"ఇలాంటివి ఇంకా దొరుకుతాయాండీ?" అన్నారు.

మట్టి కుండీలు ఎండకి కాలిపోతున్నాయిట. వేరు ఉడికిపోతోందిట. ఐసుని కరగనివ్వని పెట్టె వేరుని మాత్రం ఉడకనిస్తుందా అని ఆవిడ లెక్క. చేపల సంగతి ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ క్షణం నుంచి నేను ఆవిడకి పెట్టెల సరఫరాదారుణ్ని. ఆకివీడు బస్సులో పెట్టెతో ఎక్కినప్పుడల్లా నా పక్క సీటు ఖాళీగా ఉండేది, అది మాత్రం సుఖమే. పిన్నిగారు ఆ పెట్టెల్ని కుంకుడు రసంతో కడిగి, చింతపండుతో తోమి, పసుపు నీళ్లు చల్లి, ఎండబెట్టి, అడుగున చిల్లులు పొడిచి మట్టి నింపేవారు. ఇన్ని సంస్కారాలు జరిగినా వీధిలో పిల్లులు మాత్రం డాబా ఎక్కి వాటి చుట్టూ ప్రదక్షిణాలు చేసేవి. పక్కింటి వాళ్లు ఇదేమిటండీ అని అడిగితే, వాటికి మొక్కలంటే ఇష్టమండీ అని చెప్పేవారు.

ఆ పెట్టెల్లో ఆవిడ పెంచేది టమాటాలు ఒక్కటే. తులసి కూడా కింద పెరట్లోనే.

ఆవిడ టమాటాలు పెంచే పద్ధతి చూస్తే మెతక మనసున్నవాళ్లు భోజనం చేయలేరు. భర్తగారి గడ్డం పెట్టె మొత్తం ఆ పనికే పెట్టారు. మీసాల కత్తెరతో పిలకలు తీసేవారు. కాండానికీ ఆకుకీ మధ్య సందులోంచి కొత్త పిలక తల ఎత్తగానే ఆవిడ దాని ముందు వంగి, "ఏవండీ, తమరెవరండీ? ఇక్కడ చోటు లేదండీ" అని మర్యాదగా చెప్పి కత్తిరించేవారు. మొక్క చిన్నగా ఉండగా వచ్చిన మొదటి పూతని గిల్లేసేవారు. గుత్తికి అరడజను పిందెలు పడితే నాలుగే ఉంచి, మిగతావాటికి "చాలండీ, మీరు దయచెయ్యండి" అని చెప్పి తుంచేవారు. ఆయన వాడకుండానే వదిలిపోయిన బ్యాటరీ ట్రిమ్మర్ ఒకటుండేది. పొద్దున్నే పూలు విచ్చుకోగానే దాని వెనకభాగం పువ్వు కాడకి ఆనించి మీట నొక్కేవారు. అది జుయ్యిమని వణికితే పుప్పొడి రాలి పిందె పడుతుందని ఎవరో చెప్పారట. తెల్లారేసరికి డాబా మీద మంగలికొట్టు తెరిచినట్టుండేది. కాయ అడుగున నల్లమచ్చ వస్తే తాంబూలం డబ్బాలోంచి సున్నం తీసి నీళ్లలో కలిపి, పైతేట పోసేవారు.

ఆవిణ్ని చూసి నాకూ సరదా పుట్టింది. వంటింటి చెత్త పోసిన పెట్టెలో దానంతట అదే మొలిచిన నాటు మొక్క ఒకటుంటే అది నాదన్నాను. దాన్ని తుంచడానికి నాకు చేతులు రాలేదు. అది నలుదిక్కులా పాకింది. ఎన్ని పిలకలొస్తే అన్నింటినీ ఉండనిచ్చాను. ఒకరోజు పిన్నిగారు దాని ముందు చాలాసేపు నిలబడి, "మేనేజరుగారూ, మీ చెట్టు మీలాగే ఉందండీ. ఎవరేం అడిగినా సరే అంటుంది" అన్నారు. తర్వాత కత్తెర తీశారు. నేను చూడలేక కిందకి వెళ్లిపోయాను. మళ్లీ వచ్చేసరికి నా మొక్క తిరుపతి వెళ్లొచ్చినట్టుంది. అది వారం తిరక్కుండా మళ్లీ చిగురించింది. ఇది చెట్టు కాదు సత్రమని, పీకి పారేయమని ఆవిడ ఆజ్ఞ. నేను సరేనని, పెట్టెని ట్యాంకు వెనకాలకి జరిపేశాను. అక్కడ పొద్దుటి ఎండ తప్ప ఎండ పడదు. పిన్నిగారి కంటికి కనపడదు. నాకు అంతకన్నా ఏం కావాలి.

ఇంత కష్టమూ ఎందుకో నాకు మొదట్లో తెలియలేదు. పైగా ఆవిడ టమాటా తినరు. పప్పులో వేయరు, పచ్చడి చేయరు. కాసినవి కాసినట్టు వీధికి పంచేవారు. ఆరోగ్యం పడదేమో అనుకున్నాను. సంగతి బయటపడింది ఆ ఏడు ఫాల్గుణంలో, వాళ్ల పురోహితులు శాస్త్రిగారు ఏదో పనిమీద వచ్చినప్పుడు.

వాళ్లింట్లో తద్దినానికి టమాటా నిషేధం. చాలా ఇళ్లలో అంతే, క్యాబేజీ, క్యారెట్టు, టమాటా అన్నీ పరాయి కూరలు, పితృదేవతలు ఎరగరని. పిన్నిగారు మాత్రం భర్త తద్దినంనాడు టమాటా పప్పు పెట్టాలని పట్టుబట్టారు. ఏటేటా శాస్త్రిగారిని అడుగుతూనే ఉన్నారు. ఆయన తప్పించుకోలేక ఒకసారి, అంగట్లో కాయ అయితే వల్లకాదమ్మా, ఇంట్లో పండిందయితే చూద్దాం అనేశారు. తద్దినం వచ్చేది జ్యేష్ఠమాసంలో. ఏలూరు ఎండల్లో, డాబా మీద, జ్యేష్ఠానికి టమాటా పండించేవాళ్లెవరని ఆయన ధీమా. పిన్నిగారు దాన్ని వాగ్దానంగా పుచ్చుకున్నారు. అప్పట్నుంచీ ఏటా ప్రయత్నం. ఒక ఏడు వడగాడ్పుకి పూతంతా రాలిపోయింది. ఒక ఏడు కోతులొచ్చాయి. ఆయనకి పెట్టేదాకా తాను ముట్టనని ఆవిడ మొక్కు.

నేను చూసిన ఏడు ఆవిడ పకడ్బందీగా ఉన్నారు. చలి ఉండగానే నారు పోశారు. ఎండ ముదరకముందే పిందె పడేట్టు చూసుకున్నారు. ఆ తర్వాత వచ్చిన పూతనంతా నిర్దాక్షిణ్యంగా గిల్లేశారు, ఉన్న కాయలకే బలం అందాలని. పాత నేతచీరలు పందిరిలా కట్టి నీడ చేశారు. ఎండాకాలం కాయ చెట్టునే ఉంటే ఎరుపెక్కదు, పసుపుపచ్చగా పాలిపోతుందని రంగు తిరగగానే కోసి బియ్యం డబ్బాలో దాచారు. తిథి ఏటా పదీ పన్నెండు రోజులు ముందుకి జరుగుతుంది కదా, ఆ ప్రకారం చూసుకుంటే సరిగ్గా అందుతాయి. డబ్బా మూత తీసి నాకు చూపించారు. బియ్యంలో ఎర్రగా, గుండ్రంగా, అన్నీ ఒకే సైజులో ఉన్నాయి. ఆవిడ ముఖం కూడా అలాగే వెలుగుతోంది.

ఆ సాయంత్రమే గూడెం నుంచి ఆడపడుచుగారు ఫోన్ చేశారు. పిన్నిగారు స్పీకరులో పెట్టి మాట్లాడతారు కాబట్టి వీధంతా విన్నాం. ఏర్పాట్ల గురించి చెప్పబోతుంటే ఆవిడ అడ్డుపడి, "ఇప్పుడేమిటే? ఈ ఏడు రెండు జ్యేష్ఠాలు. అధికమాసం అయ్యాక రెండో జ్యేష్ఠంలో కదూ మన తద్దినం" అన్నారు.

పిన్నిగారు పంచాంగం చూడకుండా గుమ్మం దాటని మనిషి. తల దువ్వుకోవడానికి కూడా వారం చూస్తారు. ఆ మనిషి అధికమాసం మర్చిపోయారు. టమాటాల మీద ధ్యాసతో ఏకంగా నెల రోజుల్ని మర్చిపోయారు. నెల ఆగడానికి బియ్యం డబ్బాలో టమాటాలు ఒప్పుకోవు. చెట్ల మీద చూస్తే ఆవిడ చేత్తోనే గిల్లేశారాయె, ఒక్క పూవు మిగల్లేదు. మర్నాడు ఆ పండ్లన్నీ పళ్లెంలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగి పంచారు. తీసుకోండమ్మా అని ప్రతి గుమ్మంలోనూ నవ్వుతూ ఇచ్చారు. నాకు చాలా బాధేసింది. మేం ఆ రోజు కూరలో టమాటా వేసుకోలేదు.

ఆ తర్వాత ఆవిడ చెట్లకి కొంచెం కొత్త పూత వచ్చింది. రోజూ ట్రిమ్మర్ జుయ్యిమంది. వడగాడ్పుకి పూలు ఒక్కొక్కటే రాలిపోయేవి. రాలినప్పుడల్లా ఆవిడ, మంచిదండీ, వెళ్లిరండి అనేవారు. కొన్నాళ్లకి ఆ మాట అనడం కూడా మానేసి ఊరికే చూసేవారు.

ట్యాంకు వాల్వు కట్టడానికి ఆవిడ వెనక్కి వెళ్లింది ఆ రోజుల్లోనే. చాలాసేపటికి నన్ను పిలిచారు. వెళ్లి చూస్తే నా సత్రం ట్యాంకు నీడలో తన ఇష్టమొచ్చినట్టు పెరిగి, గోడెక్కి, గొట్టాన్ని పట్టుకుని, ఆకుల మాటున గుత్తులు గుత్తులుగా కాసి ఉంది. కాయలు చిన్నవే, నాటువి. కానీ పచ్చగా, గట్టిగా ఉన్నాయి.

"ఇది నేను తీసేయమన్న చెట్టేనాండీ?"

అవునన్నాను.

"మంచిపని చేశారు. నా మాట విన్నవన్నీ నాకేమీ మిగల్చలేదండీ."

పశ్చాత్తాపం అక్కడితో సరి. వెంటనే కొంగుముడిలోంచి కత్తెర తీశారు. కొత్త తలలన్నీ కొట్టేసి, ఉన్న కాయల్లో పుష్టిగా ఉన్నవి ఎంచి, మిగతావాటిని దయచెయ్యమన్నారు. అద్దెకున్నవాళ్ల చెట్టు కాస్తే ఇంట్లో పండినట్టవుతుందా అని నేను సందేహం వెలిబుచ్చాను. ఇల్లు నాదేగా అన్నారు. నైరుతి వానలు మొదలయ్యాయి. ఎండాకాలం కాయకి ఒక్కసారిగా నీళ్లు తగిలితే పగులుతుంది. అందుకని భర్తగారి నల్ల గొడుగు తెచ్చి నా చెట్టుకి కట్టారు. వానలో చూస్తే ట్యాంకు వెనకాల ఎవరో పెద్దమనిషి బస్సు కోసం నిలబడినట్టుండేది.

తద్దినం రోజు పిల్లుల్ని తరమడానికి నన్ను డాబా మీద ఉండమన్నారు. కర్మ చేసేది పిన్నిగారి మరిది. ఆయన మాట్లాడే మనిషి కాదు. మాట్లాడేదంతా ఆడపడుచుగారే. వంటింట్లో టమాటాలు చూడగానే ఆవిడ కొంగు దోపుకున్నారు. రామములక్కాయలు తద్దినానికా అని మొదలుపెట్టారు. ఇంట్లో పండినవని పిన్నిగారు చెప్పి, మీరే ఒప్పుకున్నారు కదండీ అని శాస్త్రిగారిని అడిగారు. పాపం ఆయన పిన్నిగారిని చూసి, టమాటాల్ని చూసి, పైకప్పుని చూశారట. ఇంతలో ఆడపడుచుగారు డాబా మీదకి వచ్చి పెట్టెని చూశారు. దాని గోడ మీద ఐసు కంపెనీ వాళ్లు వేసిన చేప బొమ్మ కుంకుడు రసానికి కూడా పోలేదు. ఆవిడ కిందకి దిగి ఆ బొమ్మ సంగతి అందరికీ వినపడేలా చెప్పారు.

ఆవిడ వెనకే దిగిన నేను మెట్ల మీద నిలబడిపోయాను. పిన్నిగారు అప్పటిదాకా నవ్వుతూనే ఉన్నారు. ఇప్పుడు నవ్వలేదు.

"వదినగారూ, ఆఖరి ఏడు డాక్టరు టమాటా పెట్టొద్దన్నాడండీ. ఈయన రోజూ అడిగేవారు, ఒక్క ముక్క పప్పులో వెయ్యవే అని. నేను వెయ్యలేదండీ. మాట వింటే బతుకుతారనుకున్నాను. పోనే పోయారు. పప్పు తిని పోయినా అదే పోవడం కదండీ, నోరు కట్టేసి పంపించాను."

మరిది తల దించుకున్నారు. శాస్త్రిగారు గొంతు సవరించుకుని, భోక్తల విస్తట్లో కుదరదమ్మా అన్నారు. అంటూనే, కాకి విస్తట్లో ఏం వేయకూడదో తాను ఎక్కడా చదవలేదన్నారు.

అలా డాబా గోడ మీద కాకి విస్తరి పెట్టారు. పిండం, అన్నం, గారె, పరవాన్నం, ఒక పక్కన టమాటా పప్పు. అందరం వెనక్కి తగ్గి నిలబడ్డాం. కాకులు రాలేదు. మరిది కావుకావుమని పిలిచారు, రాలేదు. చేపల పెట్టె ఉన్నచోటికి ఎందుకొస్తాయని ఆడపడుచుగారు గొణిగారు గానీ మునుపటి జోరు లేదు. చివరికి ఒకటి వచ్చి గోడ మీద వాలింది. కాస్త బొద్దుగా, తాపీగా ఉంది. గారెని చూసింది, ముట్టుకోలేదు. విస్తరి చుట్టూ నడిచి వచ్చి పప్పులో ముక్కు పెట్టింది. తల ఎత్తి ఆగింది. మళ్లీ పెట్టింది. తర్వాత మొత్తం తినేసింది.

పిన్నిగారు రెండడుగులు ముందుకి వేసి, మెల్లగా అడిగారు.

"ఏవండీ, ఉప్పు సరిపోయిందాండీ?"

ఏవండీ అన్న పిలుపు ఆవిడ నోట రోజూ వినేదే. నాకూ అదే, పిలకలకీ అదే, పిందెలకీ అదే. ఆ పిలుపు మొదట ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది. ఆడపడుచుగారు ఏడ్చేశారు. వాడికెప్పుడూ ఉప్పు ఒక పిసరు ఎక్కువే కావాలని అన్నారు. ఆ మధ్యాహ్నం పిన్నిగారు టమాటా పప్పుతో అన్నం తిన్నారు. రెండోసారి కూడా వడ్డించుకున్నారని మా ఆవిడ చెప్పింది.

తర్వాత నాకు బదిలీ అయింది. పిన్నిగారు నిరుడు మాఘంలో పోయారు. మాఘమంటే ఊరంతా టమాటాలు విరగకాసే నెల. ఎవర్నీ ఇబ్బంది పెట్టకూడదని ఆ నెల చూసుకునే పోయి ఉంటారని నా అనుమానం. ఆవిడ అలాంటి పని చేయగలరు.

ఇక మొన్నటి ఫోన్. ఆడపడుచుగారు చెప్పింది ఇదీ. మరదలు పోయేముందు ఒకటే కోరిందట, తన తద్దినానికి కూడా ఇంట్లో పండినవే పెట్టాలని. అందుకని గూడెంలో తమ డాబా మీద పెంచుతున్నారు. నేను ఎన్ని పెట్టెలు కావాలండీ అని అడిగాను.

"ఒక్కటి చాలు నాయనా. మరదలి పెట్టెలన్నీ తెచ్చేసుకున్నాను, కత్తెర కూడా. దాని పద్ధతిలోనే తుంచుతున్నాను. ఒక్క మొక్కని మాత్రం ముట్టకుండా ట్యాంకు వెనకాల వదిలేద్దామని."